వినపడని పిల్లనగ్రోవి

బడిలో సంగీతం గది. సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక మాస్టారు రేపటి ప్రదర్శన కోసం డోలు తాళ్ళు బిగిస్తున్నారు. జానపద బృందంలో పిల్లనగ్రోవి పట్టే ఒక పిల్ల తాలూకు అమ్మమ్మ లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“వద్దు మాస్టారూ. కుర్చీ అడగడానికొచ్చి ముందే ఒకటి ఆక్రమిస్తే ఏం బాగుంటుంది? రేపు ముందు వరుసలో ఓ మూల ఇప్పించండి, చాలు.”

“ముందు వరుస పెద్దవాళ్ళకి అట్టేపెట్టమన్నారు మామ్మగారూ.”

“నాకంటే పెద్దవాళ్ళా?”

“అది కాదు… హెడ్మిస్ట్రెస్‌గారు, మార్కులు వేసేవాళ్ళు… పైగా డోళ్ళు ఆ పక్కనే. మోత తట్టుకోలేరు. వెనకైతే హాయిగా…”

“డోలు మోత మా వీధి చివరిదాకా వినపడుతుంది. నాకు వినపడనిది పిల్లనగ్రోవి.”

“అంటే?”

“చెవుడొచ్చింది నాకు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరూ చెప్పకండి.”

“ఇంత మెల్లగా మాట్లాడుతున్నా, వినపడుతోందిగా?”

“మీది బొంగురు గొంతు. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయట. లైబ్రరీ పుస్తకంలో చదివాను. అక్షరాలు నేర్చుకోక ముందు ఏ జబ్బూ లేకుండా సుఖంగా ఉన్నాను.”

“పుస్తకాల్లో సవాలక్ష రాస్తారు.”

“పుస్తకం సంగతి వదిలెయ్యండి. మా పిచ్చుక… మా మనవరాలే, ఇంట్లో అలాగే పిలుస్తాం… రోజూ వంటింటి గుమ్మంలో నిలబడి ఊదుతుంది. పెదాలు సున్నా చుడుతుంది, వేళ్ళు చకచకా ఆడతాయి. నాకు ఒక్క ముక్క వినపడదు. పక్కింటాయన గురక వినపడుతుంది, నా ఖర్మ. దీని పాట వినపడదు.”

“ఇంట్లో కూడానా?”

“ఇంట్లో కూడా ఏమిటి?”

“ఏం లేదు. సాధన… ఇంట్లో కూడా చేస్తోందా అని.”

“మీరే చెయ్యమన్నారటగా.”

“ఆఁ. అన్నాను. అన్నానేమో.”

“దగ్గరగా కూర్చుంటే కాస్తయినా చెవిలో పడుతుందేమోనని ఆశ. ఎల్లుండి మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను.”

“ఎన్నాళ్ళుంటారు?”

“ఇంక అక్కడే. మా అమ్మాయి ఆస్పత్రి డ్యూటీకి వెళ్తే పిచ్చుక తమ్ముడు, పసివాడు, నా చేతిలోనే ఉంటాడు. వాడి ఏడుపూ సన్నటిదే కదా మాస్టారూ. ఇవాళ గ్రోవి వినపడలేదు, రేపు వాడు తొట్టిలో గుక్కపట్టి ఏడ్చినా వినపడకపోతే? అంతదాకా ఉండకూడదు. కొడుకుని చూడాలనుందని ఇంట్లో చెప్పాను. నమ్మారు.”

“డాక్టరుకి చూపించుకోవచ్చుగా?”

“చూపించుకుంటే ఖాయం చేసేస్తాడు.”

“అలా కాదు మామ్మగారూ…”

“మా ఆయన ఆఖరిసారి బయల్దేరిన రోజున పొయ్యి మీద ఏదో మాడుతోందని గుమ్మం దాకా రాలేదు నేను. ఆ చూపు దక్కలేదు. దీని పాటైనా చెవిలో వేసుకుని పోదామని. ఒక్క కుర్చీ మాస్టారూ. మధ్యలో లేచి వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను.”

“కూర్చోండి.”

“వద్దన్నానుగా.”

“కూర్చోండి మామ్మగారూ. మీకు చెవుడు లేదు.”

“మీరెప్పుడు డాక్టరయ్యారు?”

“పిల్ల ఊదడం లేదు.”

“ఊదుతోంది. నా కళ్ళతో చూస్తున్నాను.”

“చూస్తున్నారు. అంతే. నేనే వద్దన్నాను.”

“వద్దన్నారా?”

“గ్రోవులన్నీ ఒక్కసారే అందుకోవాలి. తను ముందే అందుకుంటుంది. రాక కాదు, సంతోషం ఆపుకోలేదు. ఎన్ని విధాల చెప్పినా అంతే. ఈసారీ బృందం తడబడితే ఈ క్లాసు తీసేసి ఆ గంట లెక్కలకి ఇచ్చేస్తామన్నారు. ఒక్కరి కోసం అందరికీ పోతుందని… వేళ్ళు ఆడించు, ఊపిరి వదలకు, ఎవరికీ తెలీదు అన్నాను.”

“మరి ఇంట్లో? ఇంట్లో ఎందుకు?”

“అలవాటు తప్పితే స్టేజి మీద ఊదేస్తావు, ఇంట్లోనూ అలాగే చెయ్యమన్నాను. నిజంగా చేస్తుందనుకోలేదు.”

“ఏమంది?”

“ఏడ్చినా బాగుండేది. ‘సరే మాస్టారూ’ అని గ్రోవి తుడిచి సంచిలో పెట్టుకుంది.”

“అయితే నా చెవులు…”

“బాగున్నాయి. మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. రేపు పొద్దున్నే తనతో మాట్లాడతాను. ఊదమంటాను. క్లాసు పోతే పోయింది. మామ్మగారూ? తిట్టండి, పడతాను.”

“మిమ్మల్ని తిట్టే మొహం నాకెక్కడిది.”

“మీరేం చేశారు?”

“చెవుడు బయటపడకూడదని రోజూ మెచ్చుకున్నాను. ఆ మలుపు ఎంత తియ్యగా తీశావే అన్నాను. నిన్నటికంటే ఇవాళ బాగుందన్నాను. ఊదని పాటని.”

“తనేమనేది?”

“నా మొహంలోకి చూసేది. సిగ్గేమో అనుకున్నాను.”

“మీకు తెలీదు కదా.”

“నిన్న గ్రోవి దింపి అడిగింది మాస్టారూ. ‘అమ్మమ్మా, నా బొమ్మలూ, నా రాతా, చిన్నప్పట్నించీ అన్నీ బాగున్నాయన్నావుగా. అవన్నీ కూడా ఇలాగేనా?’ అని.”

“మీరేమన్నారు?”

“దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. ‘అన్నీ ఇలాగేనే తల్లీ, ఒక్కటీ తక్కువ కాదు’ అన్నాను.”