ఆగుమన్న కాడ ఆగిన లింబాద్రి

లింబాద్రని ఒకడుండె. తాలూకా బస్టాండు కాడ పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణంల పని చేసేటోడు. అమ్మ లేదు, అయ్య లేడు, మందలించే అన్న లేడు, మేనత్త కాడ పెరిగిండు. మరి పెండ్లాంతోని ఎట్లుండాలె అనేది వానికి ఎవలు చెప్పాలె? పుస్తకాలు చెప్పినయంట. ఏం పుస్తకాలంటవా? రాసుకో బిడ్డా, నాకు లేని సిగ్గు నీకెందుకు? అట్ట మీద పైట జారిన బొమ్మ ఉంటది సూడు, గా సరసం పుస్తకాలు. కాయితంల మడిచి ఇస్తరు. గిరాకి లేనప్పుడు వాడు అవే సదువుకునేది. ఒకటా రెండా, సందుగెడు సదివిండు. అన్నిట్ల ఒకటే కథనంట. మొగోడు చెయ్యి పడుతడు, పిల్ల వద్దంటది, వాడు ఇనడు, పిల్ల ఏడుస్తది, వాడు ఇనడు, రెండు కాయితాలు తిప్పేసరికి గా పిల్లనే వాని మీద పానం పెట్టుకుంటది. లింబాద్రి ఏమనుకున్నడంటే, లోకమంత గిట్లనే ఉంటది గావచ్చు అనుకున్నడు.

గట్లాంటోడు మా ఊరి రాజమణిని చేసుకున్నడు. రాజమణి నాకు వరుసకు అక్క. పొద్దుగాల్ల కూసుంటె పొద్దుగూకేసరికి వెయ్యి బీడీలు చేసేది. వెయ్యి బీడీలంటే ఏందో తెలుసా బిడ్డా? ఒళ్లె చాట పెట్టుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, ఒక్కటి గాదు, వెయ్యి. పనైనంక నడుము నీది గాదు, మెడ నీది గాదు. గసొంటి మనిషి మొగనితోని ‘ఇయ్యాల వద్దు, నడుము గుంజుతుంది’ అన్నదనుకో. ఏమనాలె? ‘సరే, పండుకో’ అనాలె. లింబాద్రి అనలే. పుస్తకంల పిల్ల గూడ గిట్లనే అన్నది గదా, వద్దంటె రమ్మన్నట్టే అనుకున్నడంట. ఆమె ఏడిస్తె సిగ్గనుకున్నడు. ఆమె ఎవలతోనన్న నవ్వితె పుస్తకంల మొగోని లెక్క కండ్లెర్ర చేసుడు. బీడీలకు పోతనంటె చెప్పులు దాసుడు. అవు, చెప్పులు దాసిండు! గది ప్రేమనంట. మీరు నవ్వుతుండ్రు గని గామెకు నవ్వు రాలే. తాళి కట్టిండు గావచ్చు, ఊరంత అచ్చింతలు ఏసి ఉండచ్చు, వద్దన్నంక చెయ్యేసుడు తప్పే. ముసల్దాన్ని చెప్తున్న, అది తప్పే.

రెండు నెలలు ఓర్సుకున్నది. మూడో నెల ఒక దినం వట్టి కాళ్లతోని, చాట సంకల పెట్టుకొని, కత్తెర బొడ్ల చెక్కుకొని తల్లిగారింటికి వచ్చింది. ఇగ ఇక్కడ మీకొకటి చెప్పాలె. మా బీడీల ఆడోళ్లం పండుగకో పురుడుకో తల్లిగారింటికి పోతే చీరెలు పట్టుకపోతం. చాట అత్తగారింట్లనే ఉంటది. చాట పట్టుకొని వచ్చిందంటె మళ్ల పోనన్నట్టు. తల్లి ఆ చాట చూసింది, పక్కకు జరిగి జాగ ఇచ్చింది. లింబాద్రికి ఇదంత తెలుసా? తెల్వదు. చీరెలన్ని సందుగల ఉన్నయి గదా, అలిగి పోయింది, నేను పోయి చెయ్యి పట్టి గుంజుకొస్తె అయిపాయె, పుస్తకంల గట్లనే ఉన్నది అనుకున్నడంట. మూర మల్లెపూలు కొనుక్కొని ఆటో కట్టించుకొని వచ్చిండు.

రాజమణి, వాళ్లమ్మతోని కలిపి మేం పదిమందిమి, మా అందరిల పెద్దదైన భూదవ్వ పెద్దమ్మ ఇంటి ముంగట రేకుల కింద కూసొని బీడీలు చేస్తున్నం. మాకో పద్ధతి ఉండె. ఒకామె కథ సదువుతది, మిగిలినోళ్లం ఇనుకుంట చేస్తం. సదివే ఆమె చేతులు ఖాళీ గదా, ఆమె బీడీలు మేం పంచుకొని చేస్తం. ఇంకోటి, ఇనేటోళ్లల్ల ఎవలన్న ‘ఆగు’ అన్నరనుకో, సదివేటామె ఆగాలె. దారం తెగచ్చు, తుమ్ము రావచ్చు, కథల మాట నచ్చకపోవచ్చు, ఎందుకని అడుగొద్దు. మళ్ల గామెనే ‘కానియ్యి’ అన్నదాక నోరు మూసుకొని కూసోవాలె. గట్ల కూసున్న కాడికి ఈయన వచ్చిండు. రాంగనే రాజమణి చెయ్యి పట్టిండు. ‘వద్దు, ఇడువు’ అన్నది రాజమణి. వాడు మా దిక్కు చూసి నవ్విండు. చూసిండ్రా నా పెండ్లాం నఖరాలు, అన్నట్టు.

భూదవ్వ పెద్దమ్మ మెల్లగ అన్నది, అల్లుడా, చెయ్యిడిసి జర కూసో, ఇయ్యాల మా సదివే పిల్లకు గొంతు పోయింది, నీ సంచిల పుస్తకమున్నట్టుంది, సదువు, మేం ఆగుమంటె ఆగాలె, కానియ్యుమంటె సదవాలె, తర్వాత మీ ముచ్చట చూద్దాం. వాడు చెయ్యిడిసి కూసున్నడు. రాజమణి తల్లి లోపటికి పోయింది, అల్లుని ముంగట కూసోదు గదా. సంచిల ఏ పుస్తకముంటది? గదే! వాని మొకం మిరప్పండయింది. ‘ఇది ఆడోళ్లు ఇనేది గాదత్తమ్మా’ అన్నడు. ‘ఆడోళ్ల గురించే గద బావా రాసిండ్రు, మేం ఇనకపోతె ఎట్ల?’ అన్న. అన్నది నేనే! గప్పుడు నాకు నోరెక్కువ. ఇప్పుడు తక్కువనా అంటవా, అది వేరే ముచ్చట.

ఇగ సదువుడు పెట్టిండు. మొదలు బాగనే ఉన్నది. వాన పడ్డది, ఇద్దరొక్క గొడుగు కిందికి వచ్చిండ్రు, పిల్ల ఓరగ చూసింది, మేం గూడ కిసకిస నవ్వుకున్నం. సరసం చెడ్డదని నేనంటలే బిడ్డా. ఇద్దరికి ఇష్టమైతె అంతకన్న తీపి ముచ్చటేమున్నది? ఏమైందంటే, గా మొగోడు పిల్ల నడుం పట్టిండు. లింబాద్రి సదివిండు, ‘వద్దు అంటూ ఆమె వెనక్కి జరిగింది. అతను వినలేదు.’

‘ఆగు’ అన్నది భూదవ్వ పెద్దమ్మ. వాడు ఆగిండు. ‘వద్దన్నది గదా అల్లుడా, మరి వాడెందుకు ఇనలే?’ లింబాద్రి అన్నడు గదా, అది ఊకెనే అన్నదత్తమ్మా, మనసుల ఉన్నది. ‘దాని మనసుల ఉన్నది నీకెట్ల తెలిసె?’ పుస్తకంల రాసిండ్రు, అన్నడు. ‘రాసినోడు పుస్తకానికి చెప్పిండు, పుస్తకం నీకు చెప్పింది, మరి ఆ పిల్లను అడిగిందెవలు?’ ‘ఊఁ, కానియ్యి’ అన్నది. ఇంకో నాలుగు మాటలు సదివిండో లేదో మొగోడు పిల్లను కొట్టిండు. ‘ఆగు’ అన్న నేను. నా చెంప గూడ గట్ల మండిన దినాలున్నయి మరి. మళ్ల సదివిండు, పిల్లను అర్రల పెట్టి గొళ్లెం పెట్టిండు. ‘ఆగు’ అన్నరు నలుగురు. ఆగుమన్నప్పుడల్ల మా కత్తెరలన్ని ఆగినయి. బీడీలు లెక్కవెట్టి పట్టుకపోయే టేకేదారు వచ్చే యాళ్లయితుంది, ఎవలం చూసుకోలే. లింబాద్రికి కోపమొచ్చింది. ‘గిట్లయితె కథ ముందుకెట్ల పోతది? ఒక్క కాయితం సాగనిస్తలేరు’ అన్నడు. పోనియ్యకు, అన్నది భూదవ్వ పెద్దమ్మ.

గని పద్ధతి పద్ధతే, సదవాలె. సదివిండు. ‘ఆమె కళ్ల నిండా నీళ్లు. అవి ఆనందబాష్పాలు.’

‘ఆగు.’ ఈ పారి అన్నది రాజమణి.

అప్పటిదాక తలకాయ ఎత్తలే ఆమె. ఎత్తి వాని మొకంల చూసింది. ‘నావి ఏం నీళ్లు?’ అన్నది. ‘గా రెండు నెలలు నా కండ్లల్ల వచ్చినయి, అవి ఏం నీళ్లు?’ లింబాద్రి పుస్తకం దిక్కు చూసిండు, అండ్ల లేదు. ‘నాకు తెల్వదు’ అన్నడు. అడిగినవా, అన్నది. అడగలే, అన్నడు. ‘నొచ్చింది’ అన్నదామె, ‘దినాం నొచ్చింది. వద్దన్నప్పుడల్ల నిజంగనే వద్దన్న’. గా మాటకు నా చేతుల ఆకు ముక్కలైంది, నాకు గంత దుఃఖమొచ్చింది. వాడు పుస్తకం మూసి పక్కకు పెట్టిండు. ‘తప్పు నాదే’ అన్నడు. ‘ఇప్పుడు అడుగుత. నాతోని వస్తవా?’

‘రాను’ అన్నది రాజమణి.

వాడు సదివిన పుస్తకాలన్నిట్ల గిక్కడనే గద మొగోడు ఎత్తుకపోయేది! లింబాద్రి నిలవడ్డడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు వానికి. ‘సరే’ అన్నడు. అని పోయిండు. మల్లెపూలు గూడ ఎవలకియ్యాల్నో తెల్వక ఆటోలనే ఇడిసిండంట, పాపం ఆటోయన పెండ్లాం పెట్టుకున్నది కావచ్చు.

బుధవారం దుకాణం బందు. వచ్చే బుధవారం మళ్ల వచ్చిండు, ఈసారి బస్సుల. రాజమణి చెప్పులు తెచ్చి రేకుల బయట పెట్టిండు, ‘మీకు కథ సదవాల్నా?’ అని అడిగిండు. సదువు అన్నం. రాజుల కథ తెచ్చిండు. సదివేటోని వంతు బీడీలు మేం చెయ్యాలె గదా, వానికి చాటనే లేదాయె, గవి రాజమణి చాటల ఏసినం. పోయేటప్పుడు ‘వస్తవా?’ అన్నడు. రాను. సరే. ఇట్ల ఏడు బుధవారాలు. అక్కడ దుకాణంల ఏం చేసిండంటే, సరసం పుస్తకాలు తెరిసి పిల్ల వద్దన్న కాడల్ల పక్కన పెన్సిలుతోని ‘ఆగు’ అని రాసిండంట! దుకాణం సేటు తిట్టిండు. కిరాయికి పట్టుకపోయినోళ్లెవలో ఒక పుస్తకంల దాని కింద ‘నిజమే’ అని రాసి తిరిగిచ్చిండ్రంట. ఎవలో, ఏం కష్టమో.

ఏడో బుధవారం రాజమణి అడిగింది, ‘నేను ఎన్నటికి రానంటె?’ వాడు ‘వచ్చి సదివి పోత, రాజు అడివిల తప్పిపోయి ఉన్నడు గదా, వీళ్లు ఊకుంటరా?’ అన్నడు. రాజమణి నవ్వింది. పెండ్లయినంక వాని ముంగట నవ్వుడు గదే మొదలు.

ఇంకో నాలుగు దినాలకు, ఎవలు పిలవకముందే, పగటి పూట తనంతల తాను బస్సెక్కి పోయింది. వాడు బువ్వ తింటున్నడంట. తలుపు తీసి, ఎంగిలి చెయ్యి అట్లనే పట్టుకొని, ‘లోపటికి వస్తవా?’ అని అడిగిండంట. ‘నా ఇంట్లకు నన్ను అడుగుడేంది, జరుగు’ అన్నదంట రాజమణి. జరిగిండు.

ఇగ లోపట ఏం మాట్లాడుకున్నరో, ఏం చేసుకున్నరో నాకు తెల్వదు, తెలిసినా చెప్ప. గా పుస్తకాలు రాసేటోడైతే గిక్కడ్నించే మొదలు పెడుతుండె. నవ్వకుండ్రే, మీకు గూడ గదే కావాలె! తలుపేసుకున్నరు, ఇద్దరి ఇష్టంతోని ఏసుకున్నరు, గది చాలు మనకు. లేవుండ్రి, బీడీలకు తడిపిన ఆకు ఆరిపోతుంది.