వరదొస్తేనే తెరుచుకునే గని

అప్పాజీ కథ మొదలెట్టాడంటే పెదబాబు ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టేస్తాడు. ధవళేశ్వరం గట్టు మీద టీ కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది, వచ్చేవాళ్ళలో సగం మంది తన టీ కోసం కాదు, అప్పాజీ నోటి కోసమేనని పెదబాబుకి బాగా తెలుసు. అందుకే అప్పాజీ గ్లాసులో అల్లం ఓ పిసరు ఎక్కువ పడుతుంది, గోదారి కనపడే వైపు బల్ల మీద చోటు ఎప్పుడూ ఆయనదే.

అప్పాజీ పాపికొండల లాంచీకి సరంగుగా ముప్పై ఏళ్ళు చేశాడు. చుక్కాని వదిలి ఏడేళ్ళయినా ఆ గొంతు మాత్రం ఇప్పటికీ ఇంజను మోత మీద మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ గొంతుకి తగ్గ కథ కూడా ఒకటుంది ఆయన దగ్గర. బంగారు గని కథ. పూర్వం ఎవరో రాజులు కొండల్లో బంగారం తవ్వించారట, తవ్వినవాళ్ళంతా మన్యం జ్వరాలొచ్చి పోయారట, గని నోరు అడవిలో కలిసిపోయిందట. ఇంతవరకూ గట్టు మీద ఎవరికీ పేచీ లేదు. ఎక్కడుందనే దగ్గరే తగువంతా.

ఆ రోజు శ్రావణమాసం, మధ్యాహ్నం మూడయింది. గోదారి ఎర్రగా, గట్టుకి మనిషెత్తు కింద పారుతోంది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చి రెండు రోజులైంది, చేపల వేట లేదు, కొట్టు నిండా జనమే. కొబ్బరితోటల గణేష్‌బాబు గారు గని తుని అవతల కొండల్లోనే ఉందన్నారు, తాతగారు చెప్పారన్నారు. పెదబాబు ఒప్పుకోలేదు. కోరుకొండ కొండ కిందే ఉంది, పైన నరసింహస్వామి కూర్చున్నది దానికి కాపలాగానే అన్నాడు. ఇద్దరూ అరుచుకుని అలిసిపోయేదాకా ఆగాడు అప్పాజీ. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నేను గని చూశానని ఏనాడూ గొప్ప చెప్పుకోలేదండీ," అన్నాడు. "గని గుమ్మంలో ఓ పూట ఉన్నాను, అంతే."

పాపం, అంత వినయంగానే మొదలవుతుంది ఎప్పుడూ. ఓ వరద ఏడు లాంచీని పాపికొండల్లో ఒడ్డున కట్టేసి, పొయ్యిలోకి పుల్లలు తెద్దామని తనొక్కడే చిన్న దోనె వేసుకుని వెళ్ళాడట. సుడి పట్టేసి దోనెని తిప్పి తిప్పి కొండ గోడలో ఓ కంతలోకి నెట్టేసిందట. మామూలు రోజుల్లో ఆ కంత తాడిచెట్టంత ఎత్తున ఉంటుంది, మనిషనేవాడు ఎక్కలేడు. వరదెక్కితేనే నీళ్ళు గుమ్మానికి సరిగ్గా అందుతాయి, పడవ తిన్నగా లోపలికి వెళ్ళిపోతుంది. లోపల చీకట్లో కాసేపు కూర్చుని బయటికొచ్చి చూసుకుంటే కాలిగోళ్ళ సందుల్లో పచ్చటి ఇసుక. "ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?" అని ఆగి, అందరి మొహాలూ ఒకసారి చూసుకోవడం అప్పాజీకి అలవాటు.

ఆ చూపులో అశోక్ కనపడ్డాడు. అప్పాజీ అక్క లోవమ్మకి ఒక్కగానొక్క కొడుకు, సొంతంగా ఇంజను పడవ ఉంది. ఎప్పుడూ మావయ్య కథకి నవ్వి వెళ్ళిపోయే మనిషి ఇవాళ ముందు వరసలో కూర్చుని, ఫోన్లో ఏదో రాసుకుంటున్నాడు. గుమ్మం ఎడమ గట్టునా కుడి గట్టునా అని అడిగాడు. ఎన్నో మలుపులో అని అడిగాడు. మేనల్లుడు ఇన్నాళ్ళకి దారికొచ్చాడని అప్పాజీ గుండె పొంగిపోయింది. ఎడమ గట్టున, మూడో మలుపు తిరగ్గానే, తెల్ల బండ పక్కన అని తడుముకోకుండా చెప్పేశాడు.

"ఇంకేం, దారి దొరికేసింది," అన్నారు గణేష్‌బాబు గారు. "రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాడు కదండీ మనవాడు. ఇంజను కూడా బాగుచేయించాడు. నేనూ వెళ్దామనుకున్నాను గానీ, నా నడుం ఒప్పుకోవట్లేదు."

అప్పాజీ చప్పున తల తిప్పి గోదారి వైపు చూశాడు. వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన చెట్టొకటి నీళ్ళలో దొర్లుకుంటూ పోతోంది. కథలో ఎన్ని సుడులైనా దాటాడు గానీ, నిజంగా మొదటి హెచ్చరిక వచ్చిందంటే లాంచీని మూడు తాళ్ళతో కట్టేసి కిందికి దిగి, మళ్ళీ నీళ్ళు తెల్లబడేదాకా ఎక్కని మనిషి. కొండల మధ్య గోదారి సన్నబడిన చోట ఈ వరదకి ఆ పడవ పావుగంట కూడా నిలవదని ఆయనకి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు. అప్పాజీకి భయం వేసింది.

వరద తీశాక వెళ్దువు గానిలేరా అన్నాడు, మామూలుగా అన్నట్టే. తీస్తే గుమ్మం అందదని పదేళ్ళ నుంచీ నువ్వే చెప్తున్నావు కదా మావయ్యా అన్నాడు అశోక్.

ఆ మాటకి జవాబు ఒకటే ఉంది. అబద్ధంరా అనేస్తే సరిపోతుంది. కానీ ఆ మాట ఎలా అనడం? లాంచీలో ఎన్ని వందల మందికి చెప్పాడు, ఎంతమంది తనతో ఫోటోలు దిగారు, పెదబాబు కొట్లో తన చోటు ఎందుకు తనదయింది? అప్పాజీ తువ్వాలు భుజం మార్చుకుని ఓ ఉపాయం ఆలోచించాడు. ఇన్నాళ్ళూ నమ్మేటట్టు కోశాడు. ఇవాళ బుర్రున్నవాడెవడూ నమ్మలేనంత కోత కోసేస్తే, వాళ్ళే ఛీ అని లేచిపోతారు, అశోక్ ఇంటికెళ్ళి పడుకుంటాడు, తన పరువు తన దగ్గరే ఉంటుంది. అంతే, గొంతు సవరించుకున్నాడు.

"లోపల చీకటన్నానా, అది మొదట్లోనండీ, లోపలికి పోయేకొద్దీ దీపం లేదు, దివిటీ లేదు, పట్టపగల్లా వెలుగు, గోడలన్నీ బంగారమే కదా మరి, ఇంతలో పెద్దపులి ఒకటి నీళ్ళు తాగడానికొచ్చింది, దాని మీసాలు చూశానండీ, ఒక్కో వెంట్రుకా మేలిమి బంగారం, నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చింది."

ఇప్పుడు లేస్తారనుకున్నాడు. ఎవరూ లేవలేదు. గణేష్‌బాబు గారు తల పంకించి, ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే తాగితే మీసాలకి పట్టదేంటండీ, మా బోరు నీళ్ళకి పళ్ళు పచ్చబడలేదూ అన్నారు. అశోక్ ఫోన్లో పులి అని రాసుకున్నాడు.

అప్పాజీ ఇంకో మెట్టు ఎక్కాడు. లోపల ఒక ముసలాయన గోచీ పెట్టుకుని పలుగుతో ఇంకా తవ్వుతూనే ఉన్నాడన్నాడు. ఆయనకి రెండొందల ఏళ్ళుంటాయి, గడ్డం నేల మీద చుట్ట చుట్టుకుని ఉంది. తన దగ్గర చుట్ట అడిగి ముట్టించుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడట, ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టడం పూర్తయిందా బాబూ అని.

"అయిందని చెప్పారాండీ?" అన్నాడు పెదబాబు, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"చెప్పానయ్యా. ఎంత సంతోషించాడనుకున్నావు. ఆ ఊపులో పలుగు నా చేతికిచ్చి, ఒక్క పోటు పొడుచుకోమన్నాడు."

ఒక్క పోటుకి సన్నికల్లంత ముక్క ఊడింది. రెండో పోటుకి లాంచీ అంత బండ ఊడింది. దాన్ని తాడేసి కట్టి దోనె వెనక లాక్కొచ్చాడు. బంగారం మునగలేదా అని ఎవరో వెనకనుంచి అడిగారు, అప్పాజీ ప్రాణం లేచొచ్చింది. కానీ తను నోరు తెరిచేలోగా గణేష్‌బాబు గారే అందుకున్నారు. వరద నీళ్ళు చిక్కగా ఉంటాయి కదండీ, చిక్కటి మజ్జిగలో వెన్న తేలట్లేదూ అని ఆ అడిగినవాణ్ణి కూర్చోబెట్టేశారు. ఆ మాట అప్పాజీకే తోచలేదు. భలే ఉందనిపించింది. అక్కణ్ణించి ఆయనకి కథ మీదే ధ్యాస, ఎందుకు మొదలెట్టాడో అది వెనకబడిపోయింది. బండ వెనక మొసళ్ళు బారులు తీరాయి, కొండ మీంచి కోతులు చూసి దండాలు పెట్టాయి. చివరికి సరుకు చూస్తే జనం కొట్టుకు చస్తారని, తనే కత్తి తీసి తాడు కోసేసి, బండని మళ్ళీ గుమ్మం ముందే వదిలేశాడు. అంటే ఇంకా అక్కడే ఉందన్నమాట అన్నాడు అశోక్, కళ్ళు మెరిసిపోతుంటే.

అసలు ఆ కొండల్లో బంగారం ఉందని మొట్టమొదట ఎలా పసిగట్టారండీ అని అడిగారు గణేష్‌బాబు గారు.

ఈ ప్రశ్నకి అప్పాజీ దగ్గర ఓ చేప ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కోస్తే పొట్టలో బంగారపు రేణువులున్న చేప. మొదట్లో అది జెల్ల. నాలుగేళ్ళకి వాలుగయింది. కానీ ఇవాళ కథ ఇంత ఎత్తుకి వచ్చాక, పులి మీసాల పక్కన, రెండొందల ఏళ్ళ ముసలాయన పక్కన జెల్లని, వాలుగని ఎలా నిలబెడతాం? గోదారివాడన్నాక అలాంటి చోట ఏ చేప పేరు చెప్తాడో అదే చెప్పాడు.

"పులసండీ. మూడు కేజీల పులస. కోసేసరికి పొట్ట నిండా బంగారపు ఇసుక. గని గుమ్మంలో మేసొచ్చిందండీ అది."

కొట్టు కొట్టంతా ఆహా అంది. కొట్టు గుంజకి ఆనుకుని, చేపల తట్ట చంకన పెట్టుకుని లోవమ్మ నిలబడి ఉందని అప్పుడు గానీ అప్పాజీ చూడలేదు. పొద్దుటి నుంచీ కొడుకు కాళ్ళావేళ్ళా పడింది వెళ్ళొద్దని. మావయ్య చూశాడమ్మా అన్న ఒక్క మాటే చెప్పాడు వాడు. తమ్ముడి కథలు వినడానికి ఎప్పుడూ తీరికలేని మనిషి, ఇవాళ వినడానికే వచ్చింది. మొదటినుంచీ విన్నది.

"ఒరే అప్పాజీ," అంది. "ఆ పులసని ఎక్కడ పట్టావు?"

"ఇక్కడే అక్కా. ఆనకట్ట కింద."

"ఎటేపు ఈదుతోంది?"

"పులస ఎటేపు ఈదుతుందక్కా, సముద్రంలోంచి ఎదురీదుకుంటూ పైకి..." అని అప్పాజీ ఆగిపోయాడు.

"పైకెళ్తోంది. అంటే ఇంకా కొండల మొహం చూడలేదు," అంది లోవమ్మ. "ఇంకా వెళ్ళని ఊళ్ళో భోంచేసొచ్చిందా అది?"

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. గణేష్‌బాబు గారు ఏదో సర్దిచెప్దామని నోరు తెరిచారు, ఏమీ దొరక్క మూసేశారు. ముందు పెదబాబు నవ్వాడు. ఆ వెనక కొట్టంతా నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది. అశోక్ ఒక్కడే నవ్వలేదు. వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేపలు పట్టేవాడు, వాడికి ఇంకెవరూ వివరించక్కర్లేదు.

"మావయ్యా, ఏంటిది?" అన్నాడు మెల్లిగా. "ఏదో ఒకటి చెప్పు."

చెప్పడానికి ఉంది. అప్పాజీ దగ్గర లేకపోవడమన్నది ఎప్పుడూ లేదు. ఆ ఏడు వరదకి ఆనకట్ట గేట్లన్నీ ఎత్తేశారు, పులస గేట్లు దాటి పైకెళ్ళింది, కొండల దాకా పోయి గుడ్లు పెట్టి, తిరిగి దిగొస్తుంటే పట్టాను. అంతే. ఒక్క ముక్క చాలు, నవ్వేవాళ్ళంతా మళ్ళీ ఆహా అంటారు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చేసింది. అశోక్ ఆ ముక్క కోసమే చూస్తున్నాడు, చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది, ఎడమ గట్టు, మూడో మలుపు, తెల్ల బండ. లోవమ్మ కూడా తమ్ముడి నోటి వంకే చూస్తోంది.

"అబద్ధంరా," అన్నాడు అప్పాజీ. "గని లేదు, గుమ్మం లేదు. ఆ ఏడు వరదకి లాంచీ కట్టేసి, మీ ఇంట్లో నాలుగు రోజులు ముసుగుతన్ని పడుకున్నాను. గంజి కాచి పోసింది మీ అమ్మే."

అశోక్ కోపం ఎర్రగా మొహం మీదే కనపడింది. లేచి రేవులోకి దిగి, పడవలో పెట్టిన డీజిలు డబ్బాలు ఒక్కొక్కటే గట్టు మీదికి మోసుకొచ్చాడు. తర్వాత పడవకి రెండో తాడు కట్టాడు. నవ్వి నవ్వి జనం కూడా ఇళ్ళకి వెళ్ళిపోయారు. గణేష్‌బాబు గారు వెళ్తూ వెళ్తూ, ఉన్న గనిని కాస్తా లేకుండా చేశారు కదండీ అని నొచ్చుకున్నారు.

లోవమ్మ తట్ట కింద పెట్టి తమ్ముడి పక్కన కూర్చుంది. గేట్లెత్తారు కదా అంటావేమోనని హడలిపోయానురా అంది.

"నోటిదాకా వచ్చిందక్కా," అన్నాడు అప్పాజీ. "మింగేశాను."

మర్నాటికి రెండో హెచ్చరిక ఇచ్చారు. వరద చూడ్డానికి రాజమండ్రి నుంచి కారులో ఎవరో నలుగురొచ్చి పెదబాబు కొట్లో టీలు చెప్పారు. అప్పాజీ తన చోట్లోనే ఉన్నాడు. కాసేపు గ్లాసు తిప్పుతూ ఊరుకున్నాడు, తర్వాత ఊరుకోలేకపోయాడు. "నేనేదో గొప్ప కోసం చెప్పట్లేదండీ," అని అందుకున్నాడు. "నిన్న ఇదే గోదారిలోకి పడవ ఒకటి బయల్దేరబోతుంటే ఆపేశాను. తాడు లేదు, లంగరు లేదు. ఒక్క మాటతో ఆపానండీ."

వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, పక్కనే చేపల తట్ట సర్దుకుంటున్న లోవమ్మని అడిగాడు, ఈయన చెప్పేది నిజమేనా అమ్మా అని.

"నిజమే బాబూ," అంది లోవమ్మ. "నేనిక్కడే ఉన్నాను."

నలుగురూ నవ్వు ఆపి, అప్పాజీ వైపు తిరిగి సర్దుకు కూర్చున్నారు. "ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?" అన్నాడు అప్పాజీ. తర్వాత ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు.