చేతి పట్టు

ఎండ ఎక్కుతోంది. డీజిల్ ఫిల్టర్ పూడుకుపోయి పాల క్యాన్ల పికప్ దారిలో ఆగిపోయింది. కుడిచేతికి కట్టుతో భర్త పక్కన నిలబడ్డాడు. భార్య బానెట్ కిందికి వంగి ఆ ఫిల్టర్‌తో కుస్తీ పడుతోంది.

"అటు కాదే, ఎడమకి తిప్పు!"

"ఎడమకే తిప్పుతున్నానండీ. మొండికేసింది."

"జరుగు, నేను చూస్తా."

"ఆ చేత్తోనా? ఊరికే కంగారు పెట్టకండి."

"పాలు విరిగితే రేపట్నుంచి మనకెవరు క్యాన్లు ఎక్కిస్తారు? గరుకు కాగితం చుట్టి పట్టుకో, జారదు... ఆ, కదిలింది!"

"వచ్చేసింది! మొహం నిండా డీజిలే."

"పాత రబ్బరు రింగు పైనే అతుక్కుందేమో చూడు. కొత్త ఫిల్టర్ రింగుకి కాస్త డీజిల్ రాసి, చేత్తోనే బిగించు. కట్టు విప్పాక నేనొచ్చి గట్టిగా..."

"విప్పినా ఆ చేతికి పట్టు రాదని డాక్టర్ నాతోనూ చెప్పాడండీ."

అతను రోడ్డు వైపు తిరిగాడు.

"మరి ఇన్నాళ్లూ నన్ను అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

"నోటితో అంటే నిజమైపోతుందని భయమేసింది."

"బిగించాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"లోపలి గాలి పోయి ఆ చిన్న పంపు గట్టిపడేదాకా నొక్కు. సాయంత్రం బ్రేకుల పని కూడా నేర్పుతా. బండి మొత్తం నేర్పుతా."

"గట్టిపడింది. ముందు పాలు చేరనివ్వండి."

అతను ఎడమచేత్తో బానెట్ దించాడు.