ఏడుపు గది

అమెరికాలో బఫలో నగరం, తూర్పు పేట. ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం. వచ్చే వారం కూల్చబోతున్న సిరీనా థియేటర్ లోపల ముగ్గురున్నారు: పాత థియేటర్ల మీద పుస్తకం రాస్తున్న డెనీస్, వయసులో ఉన్నప్పుడు ఇక్కడ టికెట్లు అమ్మిన లొట్టీ, తాళంచెవి సంపాదించి తెచ్చిన ఆమె మేనల్లుడు రిచీ.

"అదిగో, మళ్లీ అటే చూస్తున్నావు! నేనిక్కడ కప్పు మీద చుక్కల గురించి చెప్తుంటే."

"వింటున్నాను లొట్టీ గారూ. చుక్కలు. నీలం కప్పు మీద..."

"బంగారు రంగు చుక్కలు. అవి వేసినవాడు చర్చిలో దేవదూతలకి రంగులు వేసే మనిషి. అందుకే గోడ మీద జలకన్యల్ని చూడు, కింద చేప తోక, పైన మేరీమాత ముఖం. మా చర్చి ఫాదర్ గారికి ఒళ్లు మండిపోయేది."

"రాసుకుంటున్నాను."

"ఏం రాసుకుంటున్నావు? పెన్ను మూతే తియ్యలేదు."

"అత్తా, ఇంకా ఆలస్యమైతే క్లబ్బులో చేపలు అయిపోతాయి. ఉపవాసాల శుక్రవారం కదా, మాంసం ముట్టరు, చేప ఒక్క ముక్క మిగల్చరు."

"ఒరే రిచీ, అరవయ్యేళ్లొచ్చినా కడుపు గోలేనా నీకు? పోయి కార్లో కూచో."

"కార్లో చలి."

"అయితే అక్కడే నిలబడు, నోరు మూసుకుని."

"లొట్టీ గారూ, ఆ చివరి వరస వెనకాల గోడకి పెద్ద గాజు అద్దం ఉంది కదా. అదేనా ఏడుపు గది?"

"ఊఁ. ముందు ప్రొజెక్టరు గది చూద్దువుగాని రా. అగ్గి అంటుకుంటే వాటంతటవే పడి మూసుకునే కిటికీల ఇనప రెక్కలు ఉన్నాయక్కడ. అలాంటివి ఇప్పుడెక్కడా..."

"ఏడుపు గది చూస్తాను."

"అందులో ఏముందని? కుర్చీలు, గోడకో స్పీకరు. చంటిపిల్లలు గుక్కపడితే తల్లులు ఎత్తుకుని అందులోకి పోయేవాళ్లు. వాళ్లకి సినిమా వినబడేది, మాకు పిల్లల ఏడుపు వినబడేది కాదు. అంతే. అప్పట్లో చాలాచోట్ల ఉండేవి."

"తలుపేసుకుని కూచుంటే ఎలా ఉంటుందో చూడొచ్చా?"

"వేసుకో. నేను మాత్రం రాను. ఆ అద్దానికి వీపు పెట్టి నిలబడటమే నాకిష్టం లేదు."

"మా అత్తకి దయ్యాలంటే నమ్మకం మేడమ్."

"నీకేం తెలుసురా? తలుపు తీసి పెట్టు ఆ అమ్మాయికి. గట్టిగా లాగు, బిగుసుకుపోయుంటుంది... ఆఁ, అదీ. అమ్మాయ్! వినబడుతోందా? ఏయ్ అమ్మాయ్!"

"వినబడదు అత్తా. నువ్వే చెప్పావుగా."

"ఏం చేస్తోంది లోపల?"

"కూచుంది. మన వైపే చూస్తోంది... అత్తా, ఆవిడ ఏడుస్తోంది."

"ఏంటీ?"

"భుజాలు కదులుతున్నాయి. నోరు తెరిచి ఏడుస్తోంది."

"ఒక్క చప్పుడు లేకుండా... తియ్యరా తలుపు! చూస్తావేం, తియ్యి!"

"తీశాను, తీశాను. మేడమ్, బాగున్నారా?"

"బాగానే ఉన్నాను. దుమ్ము. కళ్లల్లో పడింది."

"దుమ్ముకి భుజాలు కదలవమ్మా. ఇలా వచ్చి కూచో. ఇప్పుడు చెప్పు, ఎవరు నువ్వు?"

"చెప్పాను కదా, పాత థియేటర్ల మీద..."

"పుస్తకం రాస్తున్నావు. అది విన్నాను. ఎవరి అమ్మాయివి?"

"మా అమ్మ పేరు ఇరీన్."

"ఇరీన్... స్టెఫానియా ప్రుకా పెంచిన ఇరీనేనా?"

"మీకు తెలుసా?"

"రిచీ, నువ్వెళ్లి చేపలు తెచ్చుకో."

"ఇప్పుడేగా నోరు మూసుకోమన్నావు?"

"ఇప్పుడు వెళ్లమంటున్నా. నాక్కూడా తీసుకురా. కంగారు లేదు, మెల్లిగా రా... వెళ్లాడా? ఊఁ. ఎంతవరకు తెలుసు నీకు?"

"అమ్మని పసిపిల్లగా ఇక్కడ వదిలేసి పోయారని. ఈ గదిలో అని. అంతే. అమ్మమ్మ తను పోయేముందు అమ్మకి చెప్పింది. అమ్మ పోయేముందు నాకు చెప్పింది."

"ఇరీన్ పోయిందా?"

"మొన్న అక్టోబరులో."

"అయ్యో తల్లీ. ఈ చేతులతో ఎత్తుకున్నాను దాన్ని."

"మీరా? దొరికింది మీకా?"

"మరెవరనుకున్నావు? మధ్యాహ్నం ఆట అయిపోయింది. నవ్వులాట సినిమా, జనం ఇంకా నవ్వుకుంటూనే బయటికి పోతున్నారు. నేను చీపురు పట్టుకుని వెనక నుంచి మొదలెట్టాను. తలెత్తితే అద్దం అవతల కుర్చీలో దుప్పటి మూట. ఎర్రగా కందిపోయి, నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఇవతల నాకు చిన్న శబ్దం లేదు. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో, ఇంతమందిలో ఒక్కరికైనా వినబడలేదు. ఇందాక నువ్వూ అలాగే ఏడుస్తున్నావని వాడు చెప్పేసరికి, అందుకే తలుపు తియ్యమని అరిచాను."

"తర్వాత?"

"పోలీసులొచ్చారు. అనాథాశ్రమం సిస్టర్లు తీసుకెళ్లారు. స్టెఫానియాకి పిల్లల్లేరు, మొగుడూ పెళ్లాం వెళ్లి తెచ్చుకున్నారు. పేటంతటికీ తెలుసు. ఇరీన్ చెవిన ఒక్కరూ వెయ్యలేదు. ఈ పేటలో అది మాత్రం మెచ్చుకోవాలి."

"మరి ఆవిడ? వదిలేసినావిడ మళ్లీ కనబడలేదా?"

"ప్రొజెక్టరు గది చూస్తానన్నావుగా, పొద్దుపోతే..."

"లొట్టీ గారూ. వచ్చింది కదా?"

"వచ్చింది. ఆ పై చలికాలంలో. బూడిదరంగు కోటు, తలకి రుమాలు. చిన్నపిల్లే, నా ఈడుదే. ఒక టికెట్ అడిగింది. ముఖం చూడగానే పోల్చుకున్నాను, ఆ రోజు టికెట్ ఇచ్చిందీ నేనేగా. నేరుగా ఏడుపు గదిలోకి వెళ్లి కూచుంది. ఒళ్లో పిల్ల లేదు. ఒక్కత్తే."

"ఒక్కరోజేనా?"

"ప్రతి మంగళవారం. ఆట మొదలయ్యాక టార్చి పట్టుకుని లోపలికొచ్చేదాన్ని కదా, చూసేదాన్ని. ఆవిడ సినిమా చూసేది కాదు."

"మరి?"

"ఇరీన్ కాస్త పెద్దదయ్యాక స్టెఫానియా దాన్ని ఆటకి తేవడం మొదలెట్టింది. చివరి వరస. అద్దం ముందు కుర్చీ."

"అంటే... అమ్మ వెనకాలే ఆవిడ..."

"చెయ్యి చాపితే అందేంత దూరం. మధ్యలో అద్దం. ఇరీన్ కుదురుగా కూచునేది కాదు. కుర్చీలో వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద నిలబడి, చేతిలో బొమ్మని అద్దానికి చూపించేది. దీపాలార్పాక ఇవతలి నుంచి చూస్తే అందులో దాని ముఖమే కనబడుతుంది. అవతలి నుంచైతే అంతా కనబడుతుంది. ఇందాక నువ్వూ చూశావుగా."

"అమ్మ అన్నిచోట్లా అంతే. సినిమాకి పోయినా, చర్చికి పోయినా, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేది. మేం నవ్వేవాళ్లం. ఆఖర్న ఆస్పత్రిలో కూడా తల తిప్పలేక తిప్పలేక తిప్పి, 'వెనక ఎవరో ఉన్నారే, చూడు' అనేది. నేను మంచం వెనక్కి వెళ్లి నిలబడి, 'ఎవరూ లేరమ్మా, నేనే' అన్నాను."

"ఏమంది?"

"'నువ్వు అడ్డం తప్పుకో' అంది."

"యేసయ్యా..."

"నేను పుస్తకం పేరు చెప్పుకుని ఊరూరా థియేటర్లు కొలిచాను. ఇది మాత్రం దాటేస్తూ వచ్చాను. కూల్చేస్తున్నారని తెలిశాక ఇంక ఉండలేకపోయాను. ఆవిడ పేరేంటి?"

"టికెట్ కొనేవాళ్లని పేరడగం కదమ్మా."

"ఎన్నాళ్లు వచ్చింది?"

"ఇరీన్ బడికి పోయేదాకా. తర్వాత శనివారాలు. ఒక ఏడు మంచు విపరీతంగా కురిసింది చూడు, ఆ చలికాలం నుంచి రాలేదు. ఏమైందో తెలీదు. చాన్నాళ్లు ఆ గదిలోకి ఇంకెవర్నీ కూచోనిచ్చేదాన్ని కాదు. ఖాళీ కుర్చీయే, అయినా అటు చూస్తే ఎవరో ఉన్నట్టే ఉండేది. ఇప్పటికీ ఉంటుంది."

"మీకు భయం వెయ్యలేదా? వదిలేసి పోయిన మనిషి, పిల్ల వెనకాల దొంగలా కూచుంటే? ఏదో ఒకరోజు చంకనేసుకుని పోతే?"

"పోలేదుగా."

"పోతే? పాపం అమ్మమ్మ ఏమీ ఎరగని మనిషి! మీరు ఒక్క మాట చెప్పుంటే ఆ క్షణమే పిల్లని తీసుకుని వెళ్లిపోయేది. మళ్లీ ఈ గడప తొక్కేది కాదు. ఇదే రోడ్డులో ఇంకా థియేటర్లు ఉండేవి, వాటి గురించి రాశాను నేను!"

"ఉండేవి. మీ అమ్మమ్మ ఇంటికి ఇంకా దగ్గర కూడా. వాటిని దాటుకుని, మంచులో పిల్లని లాక్కుంటూ ఇక్కడికే వచ్చేది. నేను మధ్య వరసల్లో మంచి సీట్లు చూపిస్తే వద్దనేది."

"ఎందుకు? అమ్మమ్మకి... తెలుసా?"

"ఇరీన్ ముఖం ముద్దాడుతూ పెంచిన మనిషికి, దీపాలార్పకముందు అద్దం వెనక అదే ముఖం కనబడితే వేరే ఎవరు చెప్పాలమ్మా?"

"కానీ అమ్మమ్మ ఎప్పుడూ..."

"నా టికెట్ల కిటికీ దగ్గర ఆగి, పిల్లకి వినబడకుండా మెల్లిగా, 'ఆవిడ వచ్చిందా లొట్టీ?' అని అడిగేది. వచ్చిందంటేనే టికెట్లు తీసుకునేది."