కంట్లో తెల్ల చుక్క

ఈజిల్ మీద కుక్క బొమ్మ ఇంకా ఆరలేదు. దాన్ని వేయించుకున్నావిడ కళ్ళ దగ్గరే పట్టిపట్టి చూస్తుండేసరికి పెయింటరే అడిగాడు.

“ఏమ్మా, పోలిక రాలేదా?”

“అచ్చు గుద్దినట్టు అదే. కళ్ళలో ఆ తెల్ల చుక్కలు మాత్రం తీసేయండి మాస్టారూ.”

“భలేవారే! ప్రాణమంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. పులికైనా పిల్లికైనా ముప్ఫై ఏళ్ళుగా నేను చివర్లో పెట్టేది అదే. అవి లేకపోతే గాజుకళ్ళ బొమ్మలా ఉంటుంది.”

“దానికి చూపు లేదండీ.”

“ఫోటోలో కళ్ళు బాగానే ఉన్నాయే?”

“మేమూ అలాగే అనుకున్నాం. రోజూ వెళ్ళి కుర్చీకి గుద్దుకునేది. ‘కళ్ళు నెత్తికెక్కాయా’ అని ఏడాదిపాటు తిట్టాను. అది పోయే నెల ముందు డాక్టర్ చెప్తేగానీ తెలియలేదు.”

“తెలియక తిట్టారు, దానికేముందమ్మా?”

“ఏమీ లేదు. కానీ ఈ చుక్కలుంటే, అది చూస్తూ చూస్తూనే గుద్దుకుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది వద్దు.”

“మరి మిమ్మల్ని ఎలా గుర్తుపట్టేది?”

“వాసనతో. తిట్టిన రోజు కూడా, నేను ఇంటికి రాగానే చేతికి ముక్కు ఆనించి, అప్పుడు తోకాడించేది.”

“ముక్కా! ఒక్క నిమిషం కూర్చోండి... ఆఁ, కళ్ళలోవి తుడిచేశాను. ఆ తెలుపు ముక్కు మీద పెట్టాను, తడిగా కనబడేలా. ఇప్పుడు చూడండి.”

ఆవిడ లేచి బొమ్మలోని ముక్కు దగ్గరికి చెయ్యి చాపింది.

“అమ్మా, చెయ్యి! రంగు పచ్చిగా ఉంది, ముట్టుకోకండి!”

“ముట్టుకోవడం లేదండీ. వాసన చూడనిస్తున్నాను.”