రాకాసిగుళ్ల చేను

“పదకొండు ఉండాలమ్మా. నా పటంలో పదకొండు గీసి ఉండాయి. యాడమ్మా అవి?”

“ఏవి సార్?”

“రాకాసిగుళ్లు. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ మూతేసి ఉంటాయే, అవి.”

“మా సేన్లో అట్లాంటివి ఏమీ లేవు.”

1979 ఆగస్టు. ఏర్పేడుకు పడమట, కొండవాలున సంతోషమ్మ చేను. పురావస్తు శాఖ ఉద్యోగి గంగాధరం జీపు దిగి వచ్చేసరికి ఆమె ఒక్కతే శనక్కాయ చేన్లో కలుపు తీస్తోంది.

“రెండేండ్ల కింద నేనే వచ్చినాను గదమ్మా. మీ ఆయన ఎల్లప్ప దగ్గరుండి ఒక్కొక్కటే చూపించినాడు. నువ్వు మజ్జిగ గూడా ఇచ్చినావు.”

“నాకు గ్యాపకం లేదు.”

“రెండు మూడు వేల ఏండ్ల నాటి సమాధులమ్మా అవి.”

“ఎవురివైతే ఏం సార్. లేవంటే లేవు.”

“మరి నేలంతా ఈ రాతి పెళ్లలేంది? ఈ నల్లటి మరకేంది? బండలు పేల్చే తూటాలు పెట్టినారా?”

“కలుపు తీసుకోవాల సార్. పొద్దు పోతా ఉండాది.”

“సంతోషమ్మా, నా మొగం చూసి చెప్పు. పేల్చినారా?”

“పేల్చినాం.”

“ఎవరు?”

“మా ఆయనే.”

“అయ్యో, ఎంత పని చేసినారమ్మా! నోటీసు అంటించినాక వాటిని ముట్టుకుంటే జైలమ్మా. పిలువు ఎల్లప్పను. యాడుండాడు?”

“ఆయన్ని జైల్లో పెట్టలేరులే సార్. ఆ పొద్దే పోయినాడు.”

“పోయినాడంటే?”

“తొమ్మిది పేలినాయి. పదోదానికి పెట్టిన తూటా ఎంతసేపటికీ పేల్లేదు. ఏమైందో సూద్దామని దగ్గరికి పోయినాడు. అప్పుడు పేలింది.”

“...దేవుడా.”

“సేద్యం సేసుకునే మనిషి సార్. ఆ మందు సంగతి ఆయనకేం తెలుసు?”

“తూటాలు ఎవరిచ్చినారు?”

“సుందరరాజు. అదో, ఆ కొండ మీద క్వారీ ఆయనదే. ఊరి సావిట్లో మీ కాయితం అంటించినారు గదా, ఆయనే మాకు సదివి సెప్పినాడు. మాకు సదువు యాడిది?”

“ఏమని చదివినాడు?”

“గుళ్లుండే సేను గవర్మెంటుదై పోతాదంట. రెండు నెలల్లో కంచె ఏసి మమ్మల్ని ఎళ్లగొడతారంట. ‘గుళ్లు లేకుంటే ఏమీ సెయ్యలేరు ఎల్లప్పా, నీ సేను నీకే ఉంటాది’ అని తూటాలు ఊరికే ఇచ్చినాడు. మా మేలు కోరి...”

“మేలా? ఆ కాయితంలో అట్ల లేదమ్మా.”

“లేదా?”

“లేదు. చేను మీదే. దున్నుకోవచ్చు, పంట పెట్టుకోవచ్చు. అభ్యంతరాలుంటే రెండు నెలల్లోపల చెప్పండి అని రాసినాం. ఆ గుళ్లను ఎవరూ పగలగొట్టగూడదు, వాటి దగ్గర్లో ఎవరూ తూటా పేల్చగూడదు. ఎవరూ అంటే సుందరరాజు గూడా.”

“మళ్లీ సెప్పు సార్.”

“క్వారీ ఈ పక్కకు రాకుండా ఆపేది ఆ గుళ్లేనమ్మా.”

“అందుకేనా... అందుకేనా సార్? మొన్న ఆయన మనుషులొచ్చి సేను సుట్టూ సున్నం గుర్తులు పెట్టి పోయినారు. మాది గవర్మెంటు ఇచ్చిన డి పట్టా. దాన్ని రద్దు సేయించి క్వారీలో కలుపుకుంటాడంట. నన్ను కంకర కొట్టే పనిలో పెట్టుకుంటా అన్నాడు. మొగుడు పోయినదాన్నని జాలి పడినాడు అనుకుంటి.”

“పోలీసోళ్లకు చెప్పలేదా?”

“దొంగ తూటాలు, నోరెత్తితే కేసు నీ మీదికే వస్తాది అన్నాడు. మా ఆయన జొరమొచ్చి పోయినాడని ఊళ్లో సెప్పించినాడు.”

“ఆ సుందరరాజే?”

“ఆయనే. సార్... ఆ కాయితం ఇప్పుడు పన్జెయ్యదా? గుళ్లు ఉండాయని రాసెయ్ సార్. నీ కాళ్లు పట్టుకుంటా.”

“లెయ్ తల్లీ, లెయ్. లేనిదాన్ని ఉండాదని ఎట్ల రాసేది? రేపు ఫొటోలు తీసేవాళ్లు వస్తారు. ఒక్కటి మిగిలినా ఆ కాయితంలోని ఆర్డరు నిలబడుతుంది. ఒక్కటి కూడా... ఉండు. పదోదాని దగ్గర ఎల్లప్ప పోయినాడన్నావు.”

“అవును.”

“మరి పదకొండోది?”

“కలుపు...”

“సంతోషమ్మా, పదకొండోది యాడ?”

“ఆ ముళ్లకంప కింద. మేమే కంప కొట్టి కప్పెట్టినాం.”

“పగల్లేదే?”

“లేదు. బాగుండాది.”

“అబ్బా, ఇంకేం! చాలమ్మా, ఆ ఒక్కటి చాలు. సుందరరాజు కాదు, వాని తాత వచ్చినా ఈడ కాలు పెట్టలేడు. రేపు మా వాళ్లు మూతబండ పక్కకు జరిపి, లోపల మన్నంతా తోడి జల్లెడ పడతారు. ఎముకలూ కుండపెంకులూ ఏమున్నా సంచుల్లో కట్టి చిత్తూరుకు పంపిస్తారు. ఆర్డరు పక్కా అయిపోతుంది.”

“లోపల... తోడాల్నా సార్?”

“తోడకుండా ఎట్లమ్మా? లోపల ఏముందో చూసి రాయాల గదా.”

“ఊళ్లోకి మోసుకుపోయేదానికి ఏమీ మిగల్లేదు సార్. దుప్పట్లోకి ఏరుకొని, మా ఆయన్ని ఆ గుళ్లోనే పెట్టినాం.”