మోగని రేకు

నంద్యాలలో రిటైరైన టీచరు సుందరరాజు ఇంటి ముందర, పొద్దున. అమ్మకానికి పెట్టిన పాత చిన్న కారు చుట్టూ ముగ్గురు: సుందరరాజు, ఆయన కొడుకు రూబెన్, కారు కొనడానికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి ఓబులాచారి.

"సారూ, ఇది మోగడంల్యా."

"ఏందీ మోగేది? హారన్ కొట్టి చూపిస్తి గదా ఆచారీ."

"హారన్ కాదు సారూ, రేకు. ఇదో, ఈ డోరు మీద వేలితో కొడతాండా. ఖంగుమంటాంది. ఇప్పుడు ముందర ఎడమపక్క కొడతా. వింటిరా? దబ్ దబ్ అంటాంది."

"కారును కొట్టి చూసేదేందన్నా? ఇంజను చూడు, టైర్లు చూడు. ఇది మీ ఆళ్లగడ్డ రాయి కాదు."

"నలభై ఏండ్లు రాయి కొట్టి బతికినోన్ని రూబెన్. మోగిన రాయినే దేవున్ని చేస్తాం. మోగకుంటే లోపల పగులుందని పక్కన పడేస్తాం. ఈడ రేకు మీద లప్పం పూసినారు. బండికి దెబ్బ తగిలింది."

"ఓ ఆచారీ! నోరు జాగ్రత్త. ముప్పై నాలుగేండ్లు పిల్లోళ్లకు పాఠం చెప్పినోన్ని. చర్చిలో సంఘపెద్దని. తగల్లేదని నేను చెప్పినానంటే తగల్లేదు. ఈ బండి మీద గీత పడనీల్యా నేను."

"మీకెవరు చెప్పినారు సారూ తగల్లేదని?"

"నా కొడుకు. బండి బాగోగులు చూసేది వాడే."

"ఆయన చెప్పినాడు, మీరు నమ్మినారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లుంది."

"ఎవరింటి ముందర నిలబడి ఎవర్ని అంటాండావ్? నచ్చకుంటే పో. నిన్నేమన్నా బొట్టు పెట్టి పిలిచినామా?"

"నాయనా, నువ్వు గమ్మునుండు. అన్నా, ఇదంతా బేరం తగ్గించే యాపారం, నాకు తెలుసు. ఇంకో పదివేలు తగ్గించుకో. దుడ్లిచ్చి తోలుకొనిపో. ఈ పొద్దే పో."

"చూస్తిరా సారూ? నేను అడగనే ల్యా. గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకుంటాండాడు."

"అదే నేనూ అడుగుతాండా. నీకేందిరా అంత తొందర? రిటైరైన దుడ్లతో కొనుక్కున్న బండి. నాకు అమ్మే మనసే లేదు. కంటి ఆపరేషన్ అయినకాన్నించీ అమ్ము, అమ్ము అని పానం తీస్తాండావు."

"వయసైపోయింది, ఇంగ తోలాకు అంటాండా. అంతే."

"కండ్లు బాగైందే ఇప్పుడు గదరా!"

"సారూ, ఇట్ల రాండి. ఈ రెండు లైట్లు చూడండి. కుడిదాని అద్దం పసుపెక్కి ఉంది. ఎడమది తళతళ మెరుస్తాంది. ఒకే దినం పుట్టిన కవలల్లో ఒకరు ముసలోడై ఇంకొకరు పసిబిడ్డగా ఉంటారా?"

"రూబెన్. ఏందిరా ఇది?"

"బర్రె అడ్డమొచ్చింది."

"యాడ?"

"ఆళ్లగడ్డ రోడ్డులో."

"ఎప్పుడు?"

"నీ ఆపరేషన్ అప్పుడు. నువ్వు కర్నూలు ఆస్పత్రిలో ఉండంగ."

"ఆపరేషన్‌కు బస్సులో పోతిమి గదరా! క్లచ్చు పోయింది, బండి షెడ్డులో ఉందంటివి."

"అంటే... అంతకుముందు. సరిగ్గా గుర్తులేదు."

"బర్రె తగిల్తే బానెట్టు లేస్తుంది సారూ, ముందరి అద్దం పగులుతుంది. ఇది మూలన తగిలింది. సన్నంది ఏదో. సైకిలో, మోటార్ సైకిలో."

"అన్నా, నువ్వు పో ఈన్నుంచి! నీకు బండి అమ్మను. పో!"

"నువ్వుండు ఆచారీ. సైకిలంటివా?"

"అట్లే ఉంది సారూ."

"ఆపరేషన్‌కు నాలుగు దినాల ముందర మా చర్చి గంట కొట్టే యాకోబును ఆ రోడ్డులోనే ఎవరో గుద్ది పోయినారు. సైకిలు మీద వస్తాండ్య. గుద్దినోడు నిలబడి గూడా చూడల్యా. రూబెన్, తల ఎత్తు. నా మొగం చూసి చెప్పు. యాకోబేనా?"

"ఇంట్లోకి పోదాం పా నాయనా."

"నిన్నేరా!"

"ఊఁ."

"యేసయ్యా! ఒరే, సమాధి కాడ వాని పెండ్లాము నా కాళ్ల మీద పడి ఏడ్చె గదరా. తోలినోడు మనిషి కాదు, వానికి దేవుని దగ్గర క్షమాపణ లేదు అని అందరి ముందర ప్రార్థన చేస్తి. నువ్వు నా పక్కన నిలబడి ఆమేన్ అంటివి! ఎట్లొచ్చిందిరా నోరు? పా. స్టేషనుకు పా."

"పోదాం. నేనే అని రాపిస్తా. ఇప్పుడే పోదాం పా నాయనా."

"రాపిచ్చేదేందిరా? నువ్వే గదా?"

"ఊఁ. నేనే."

"ఆ పొద్దు ఆళ్లగడ్డలో పెండ్లి. మనమిద్దరమే పోయి సాయంత్రం వస్తిమి. ఇంటికొచ్చినాక నువ్వొక్కనివే మల్ల పోయినావా?"

"పోయినా."

"యాడికి?"

"ఊరికే."

"అబద్ధం! వాన పడతాండ్య. ఇంటికొచ్చి బండి తాళం బీరువాలో పెట్టింది నేనే. తెల్లారేదాకా అది నా దగ్గరే ఉండ్య."

"నాయనా, అడగాకు. ఒప్పుకుంటాండా గదా. నేనే అంటాండా గదా. ఇంగ వదిలేయ్."

"సారూ, నేను పోతా. నాకు బండొద్దు, ఏమొద్దు."

"కదలాకు ఆచారీ. సాక్షి కావల్ల నాకు. చెప్పరా! వచ్చేటప్పుడే గుద్దింటే నేనూ బండిలోనే ఉంటి గదా. నాకెట్ల తెలీకుండా పోయ?"

"నీకు అప్పుడు కండ్లు ఆనుతాండ్లేదు నాయనా. ఏందిరా తగిలింది అని అడిగితివి. గుంతలే, పోనీ అంటి. నేను పక్క సీట్లో కూర్చోనుంటి."